ముఖం లేని మనుషులు: నైరూప్య చిత్రంలో మనిషినీ మనసునూ చదవడం ఎలా

విజయనగరంలో మా ఇంటి ముందుగదిలో ఒక చిత్రం ఉంది. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. పావురపు రెక్క లాంటి బూడిద రంగు నేల మీద, ఎడమవైపు నిలువుగా ఒక ముదురు నీలి చార. పైకి వెళ్ళాక అది కుడివైపుకు ఒంగుతుంది. ఆ ఒంపు దగ్గర మొదలై సన్నని ఎర్ర గీత ఒకటి కిందికి దిగుతుంది. గీత చివర, వేలెడు దూరంలో, అరచేతి మేర గోధుమ రంగు మచ్చ. అంతే. గీసిన మిత్రుడు దానికి పేరు పెట్టలేదు. ఇంటికి వచ్చినవారు కాసేపు చూసి, మర్యాదగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది ఏమిటి?"

ఆ ప్రశ్నకు జవాబుగా ఏదో ఒక వస్తువు పేరు చెప్పాలి. చెట్టు, కొంగ, దీపస్తంభం. పేరు దొరికితే చూడడం అక్కడితో ఆగిపోతుంది. దొరకకపోతే చిత్రం మీదే నమ్మకం పోతుంది. చాలా ఏళ్ళు నేనూ అలాగే అడిగి, అలాగే వెనుదిరిగాను. ఇప్పుడు మరోలా అడుగుతున్నాను. ఇక్కడ ఒక శరీరం ఉందనుకుంటే అది ఏ స్థితిలో ఉంది? నిలబడిందా, కూలబడిందా, ఎవరి వైపైనా వంగిందా, ఎవరి నుంచైనా తప్పుకుంటోందా? అర్థం అడగడానికి ముందు భంగిమ అడగాలి. కింద చెప్పే అడుగులన్నీ ఆ ఒక్క మార్పు నుంచి పుట్టినవే. ఇవి చిత్రకళ చదువుకున్నవారి కోసం కావు. అరగంట ఓపిక, రెండు కళ్ళు ఉన్న ఎవరి కోసమైనా.

మొదటి అడుగు: మనిషి ఉన్నాడో లేడో తేల్చుకోండి

నైరూప్యం (అబ్‌స్ట్రాక్ట్) అనే ఒక్క మాట కింద మూడు రకాల చిత్రాలను కలిపేస్తుంటాం. వాటిని విడదీయకుండా ముందుకు వెళితే లేని మనిషిని వెతుకుతూ పొద్దుపోతుంది.

మొదటి రకంలో మనిషి ఉంటాడు, విరిగి ఉంటాడు. పికాసో 1937లో వేసిన గెర్నికా 11 అడుగులకు మించిన ఎత్తు, 25 అడుగులకు మించిన వెడల్పు ఉన్న చిత్రం. దాని ఎడమ కొసన చచ్చిపోయిన బిడ్డను పట్టుకున్న తల్లి మెడ వెనక్కి విరిచి పైకి చూస్తూ ఉంటుంది. కళ్ళూ ముక్కూ ఉండవలసిన చోట ఉండవు, కానీ ఆ మెడ చాలు. మన దేశపు చిత్రకారుడు తయ్యబ్ మెహతా వేసిన, పడిపోతున్న మనుషులూ, రిక్షాలో ఇరుక్కుపోయినట్టున్న లాగేవాళ్ళూ ఈ రకమే. విల్లెమ్ డి కూనింగ్ 1950-52 మధ్య వేసిన "వుమన్ 1" కూడా ఇదే. అమెరికాలో అందరూ ఆకారాన్ని వదిలేస్తున్న రోజుల్లో ఆయన ఒక స్త్రీ ఆకారాన్ని పట్టుకుని రెండేళ్ళ పాటు గీస్తూ, చెరుపుతూ కూర్చున్నాడు.

రెండో రకంలో మనిషి వెళ్ళిపోయి ఉంటాడు, జాడ మిగిలి ఉంటుంది. రామ్ కుమార్ మొదట్లో నగరాల్లో దిక్కుతోచక నిలబడిన యువకులను గీసేవారు. 1960లో కాశీకి వెళ్ళి వచ్చిన తరువాత ఆయన చిత్రాల్లో మనుషులు క్రమంగా మాయమయ్యారు. ఘాట్ల మెట్లు, కిక్కిరిసిన గోడలు, బురద రంగు మిగిలాయి. మనుషులు లేకపోయినా ఆ గోడల మధ్య ఊపిరాడనితనం మనిషిదే.

మూడో రకంలో మనిషి ఉండడు, ఉండాలని చిత్రకారుడు కోరుకోలేదు కూడా. వాసుదేవ్ గైతోండే చిత్రాల ముందు నిలబడి తల ఎక్కడ, చేయి ఎక్కడ అని వెతకడం ఆయనకు అన్యాయం చేయడమే. అక్కడ వేరే చూపు కావాలి. ఈ వ్యాసం మొదటి రెండు రకాల గురించి.

తేల్చుకోవడానికి నేను వాడే గుర్తులు మూడు. ఏదైనా ఆకృతికి అడుగున బరువు, పైన తేలిక ఉన్నాయా? దానికి ముందూ వెనుకా ఉన్నట్టు, అంటే ఒక దిక్కుకు తిరిగి ఉన్నట్టు అనిపిస్తుందా? దాని చుట్టూ ఉన్నవి దాన్ని బట్టి సర్దుకున్నట్టు ఉన్నాయా? మూడింటిలో రెండు ఉంటే మనిషి ఉండే అవకాశం ఉంది. కాన్వాస్ అంతటా ఒకే మందంలో, ఒకే చలనంతో రంగు పరుచుకుని ఉంటే ఆ వెతుకులాట మానేయండి.

రెండో అడుగు: కాళ్ళకు పని చెప్పండి

చిత్రాన్ని మూడు చోట్ల నుంచి చూడాలి. ముందు గది ఇవతలి గోడ దగ్గర నిలబడి, కళ్ళు సగం మూసి. చిన్న వివరాలు కరిగిపోయి పెద్ద ముద్దలు, వాటి వాలు మాత్రమే మిగులుతాయి. తరువాత మూరెడు దూరానికి రండి. అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో తన పెద్ద చిత్రాలను సుమారు 18 అంగుళాల దూరం నుంచి చూడమని చెప్పేవాడు, రంగు మన చుట్టూ ఆవరించాలని. ఆ తరువాత పక్కకు జరిగి, గోడకు దాదాపు ఆనుకుని, ఏటవాలుగా చూడండి. రంగు పొరల ఎత్తుపల్లాలు అప్పుడే కనిపిస్తాయి. మొత్తం మీద పది నిమిషాలు. మొదటి రెండు నిమిషాలు ఏమీ తోచదు. తోచకపోవడం సహజమే, అక్కడే ఉండండి.

మూడో అడుగు: ముఖాన్ని వదిలి వెన్నెముకను వెతకండి

అందరూ తడబడే చోటు ఇదే. మన మెదడు ముఖాల కోసం ఆకలిగా ఉంటుంది. మబ్బుల్లో, పెచ్చులూడిన గోడల్లో, ప్లగ్ పెట్టుకునే రంధ్రాల్లో కూడా ముఖం చూస్తుంది. కాబట్టి చిత్రంలో రెండు చుక్కలూ ఒక గీతా కనబడి ముఖమనిపిస్తే, అది చిత్రకారుడు పెట్టినదని అనుకోవడానికి లేదు. మన అలవాటు పెట్టినదే కావచ్చు. వెన్నెముక అలా కాదు. అది ఊరికే కనబడదు, చిత్రంలో బరువు ఎటు పోతోందో చూస్తే తప్ప.

స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ జోహాన్సన్ 1973లో ఒక ప్రయోగం ప్రచురించాడు. మనుషుల కీళ్ళ దగ్గర చిన్న దీపాల్లాంటి గుర్తులు పెట్టి, చీకట్లో నడిపించి చిత్రీకరించాడు. తెర మీద కనిపించేవి పది పన్నెండు మెరిసే చుక్కలు మాత్రమే. అవి కదలకుండా ఉన్నంతసేపు చూసేవారికి అర్థం లేని చుక్కలు. కదిలిన మరుక్షణం నడుస్తున్న మనిషి. ముఖం, చర్మం, బట్టలు ఏవీ అవసరం కాలేదు.

ఇది చిత్రాలు చూసేవారికి ఎంతో విలువైన విషయం అని నా నమ్మకం. కాన్వాస్ కదలదు. మరి ఆ కదలిక ఎక్కడి నుంచి రావాలి? కుంచె నడిచిన దారి నుంచి రావాలి. దాని సంగతి ఏడో అడుగులో చూద్దాం.

ముఖం లేకుండా మనిషిని గీయడం మనకు కొత్త కాదు. సీతంపేట మన్యంలో సవర గిరిజనులు ఇళ్ళ గోడల మీద వేసే చిత్రాలు చూడండి. (సీతంపేట 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలోదే, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది.) ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో సన్నని ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ. ముఖంలో ఏమీ ఉండదు. అయినా ఎవరు నాట్యం చేస్తున్నారో, ఎవరు గుర్రం మీద ఉన్నారో, ఎవరు బరువు మోస్తున్నారో ఎవరూ చెప్పనక్కరలేదు. మోకాలి వంపు చెబుతుంది. విజయనగరం చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు జానపద శైలిలో గీసిన స్త్రీలను చూసినా అంతే. నడుము దగ్గర గీత ఎలా తిరిగిందో చూస్తే సగం భావం తెలిసిపోతుంది. ఇవి నైరూప్య చిత్రాలు కావు, కానీ నైరూప్యానికి కన్నును సిద్ధం చేసే బడి ఇదే.

సాధన ఇలా చేయండి. చిత్రంలో అన్నిటికంటే బరువుగా ఉన్న గీతనో ముద్దనో ఎంచుకోండి. అది ఎలా ఒంగిందో మీ ఒంటితో అలాగే ఒంగండి. సిగ్గుపడకండి, గదిలో ఎవరూ లేనప్పుడు చేయండి. మా ఇంటి చిత్రంలోని నీలి చారలా నిలబడితే నడుము వరకు నిటారుగా ఉండి, భుజాల దగ్గర ముందుకు వంగాలి. అలా అర నిమిషం ఉంటే మెడ వెనుక లాగుతుంది. ఊరికే నిలబడినప్పుడు ఎవరూ అలా నిలబడరు. కిందనున్న దాన్ని చూడడానికో, అందుకోవడానికో మాత్రమే అలా వంగుతారు. ఈ సంగతి నాకు కళ్ళు చెప్పలేదు, మెడ చెప్పింది.

నాలుగో అడుగు: గీత వాలును చదవండి

నిలువు గీత నిలబడిన మనిషి. అడ్డ గీత పడుకున్న మనిషి, లేదా నేల. ఈ రెంటిలోనూ ఒక స్థిరత్వం ఉంది. కథంతా ఏటవాలు గీతలోనే ఉంటుంది, ఎందుకంటే ఏటవాలుగా ఏదీ ఎక్కువసేపు ఉండలేదు. అది లేవడమైనా కావాలి, పడడమైనా కావాలి.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం మా విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. పొడవాటి చింతమాను వాలుగా పైకి లేచి ఉంటుంది. దాని కొసన పూజారి కూర్చుంటాడు. గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు ఆ మాను తిరుగుతుంటే కింద వేల మంది తలలెత్తి చూస్తారు. ఆ దృశ్యంలో మనిషి బొటనవేలంత. అయినా చూపు అతని మీద నుంచి కదలదు. ఎందుకు? అంత పొడవైన ఏటవాలు గీత చూపును కొస దాకా లాక్కుపోతుంది. కొసన ఏమీ ఆధారం లేదు. భక్తి, భయం, ఆశ్చర్యం మూడూ ఆ వాలులోనే ఉన్నాయి. మానును నిలువుగా పాతితే అది ధ్వజస్తంభం అవుతుంది, గౌరవం మిగులుతుంది కానీ గుండె దడ పోతుంది.

నైరూప్య చిత్రంలో పొడవైన ఏటవాలు గీత కనబడినప్పుడు ఆ మానును తలచుకోండి. కొసన ఏముంది? చిన్న ముద్దా, ఖాళీయా, మరో గీత అడ్డుపడిందా? గీత మందం ఎక్కడ ఎక్కువ? బరువంతా మొదట్లో ఉంటే అది పైకి లేస్తున్న గీత. కొసన ఉంటే వాలిపోతున్న గీత.

తయ్యబ్ మెహతా 1969 ప్రాంతంలో కాన్వాస్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఏటవాలుగా చీల్చే గీతను వాడడం మొదలుపెట్టారు. ఆ గీత మనిషి చేయీ కాదు, కాలూ కాదు. మనిషిని రెండుగా కోసే గీత. చూసేవాడు అటు సగం, ఇటు సగం కలపబోతాడు, కలవవు. ఆ కలవకపోవడమే ఆ చిత్రంలోని బాధ.

ఒంగడంలో కూడా తేడాలున్నాయి. కళింగపట్నం ఒడ్డున వల లాగేవారు వెనక్కి వాలి ఉంటారు. మడమలు ఇసుకలో దిగబడి, ఒళ్ళంతా తాడుకు ఎదురు నిలుస్తుంది. అది శ్రమ ఉన్న వాలు, అందులో బలం ఉంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరితోటలు పడిపోయాయి. ఆ చెట్ల వాలు వేరు. అన్నీ ఒకే వైపుకు ఒరిగి, ఎదురు నిలిచే బలమేదీ లేకుండా. చిత్రంలో ఏటవాలు గీత చూసినప్పుడు ఈ రెంటిలో ఏదో అడగండి. దానికి ఎదురుగా మరొక గీత ఉంటే పెనుగులాట. అన్నీ ఒకే వైపు ఒరిగితే ఓటమి.

ఐదో అడుగు: ఇద్దరి మధ్య ఖాళీని కొలవండి

చిత్రంలో రెండు ఆకృతులు ఉంటే భావం ఆ రెంటిలో కంటే వాటి మధ్యలోనే ఎక్కువ ఉంటుంది. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న యానిమేషన్ తయారు చేశారు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపున్న పెట్టె లాంటి ఆకారం. అవి అటూ ఇటూ కదులుతాయి. చూసినవారిలో చాలామంది వాటిని మనుషుల్లాగే వర్ణించారు. పెద్ద త్రిభుజం జులుం చేస్తోందనీ, వృత్తం భయపడి దాక్కుందనీ చెప్పారు. దూరం తగ్గడం, పెరగడం, దారి అడ్డగించడం, ఈ మాత్రం చాలు మన మనసు కథ అల్లడానికి.

కాబట్టి ఖాళీని ఒక వస్తువులా చూడండి. ఎంత వెడల్పు? రెండు అంచులూ ఒకదాని వైపు ఒకటి ఉబ్బి ఉన్నాయా, లోపలికి పీల్చుకుని ఉన్నాయా? తాకీ తాకని దూరమైతే అన్నిటికంటే ఎక్కువ బిగువు అక్కడే ఉంటుంది. తాకితే బిగువు సడలుతుంది, బాగా దూరమైతే తెగిపోతుంది.

ఆరో అడుగు: రంగును పక్క రంగుతో కలిపి చదవండి

భరతుని నాట్యశాస్త్రం రసాలకు రంగులు చెప్పింది. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురపు బూడిద వర్ణం, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. కరుణకు నలుపు కాకుండా పావురపు రంగు ఎంచుకోవడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. దుఃఖం పూర్తి చీకటి కాదని, వెలుగు పలచబడిన స్థితి అని గమనించినవారు చేసిన ఎంపిక అది.

అయితే ఈ పట్టికను తాళంచెవిలా వాడకండి. ఎరుపు కనబడగానే కోపం అనేస్తే మన పెళ్ళిచీరలూ, కుంకుమా ఏమవుతాయి? రంగు ఒంటరిగా మాట్లాడదు. చుట్టూ బూడిద రంగు ఉన్నప్పుడు సన్నని ఎరుపు గాయంలా ఉంటుంది. అదే ఎరుపు పసుపు పక్కన ఉంటే పండుగ. రంగు పేరు కంటే ముందు దాని పొరుగును చూడండి. ఫోన్‌లో ఫోటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చడం కూడా పనికొస్తుంది. రంగు పోయినా భావం నిలిచి ఉంటే అది గీతలో ఉంది. పోతే అది రంగులో ఉంది.

ఏడో అడుగు: చేతి జాడ పట్టుకోండి

నాకు అన్నిటికంటే ఇష్టమైనది, మిగతా అడుగులన్నీ సరి చూసేది ఇదే. రంగు ఆరిపోయినా, చేయి ఎలా కదిలిందో కాన్వాస్ మీద రాసి ఉంటుంది. కుంచె మొదలైన చోట రంగు మందంగా ఉంటుంది, వెళ్ళేకొద్దీ పలచబడి, చివర పొడిబారి వెంట్రుకల గీతలు మిగులుతాయి. వేగంగా వెళితే అంచులు చిట్లుతాయి. ఆగి ఆగి వెళితే గీత పక్కన చిన్న చిన్న గట్లు ఏర్పడతాయి. మీద పూసిన రంగు వేరు, గీకి తీసిన రంగు వేరు.

మా ఇంటి చిత్రాన్ని ఈ కన్నుతో మళ్ళీ చూశాను. మొదటి నెలంతా నేను దాన్ని బిడ్డ మీదికి వంగిన తల్లి అనుకున్నాను. నీలి చార తల్లి, ఎర్ర గీత చేయి, గోధుమ మచ్చ బిడ్డ. వాత్సల్యం అని ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను. అందంగా కుదిరింది కాబట్టి మళ్ళీ చూడలేదు.

ఒక సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడింది. నీలి చార అడుగున రంగు పేరుకుని ఉంది, పైకి వెళ్ళేకొద్దీ పలచబడింది, ఒంపు దగ్గర దాదాపు పొడిగా ఉంది. అంటే కుంచె కింది నుంచి పైకి వెళ్ళింది, సరిగ్గా వంగే చోటుకు రంగు అయిపోయింది. చిత్రకారుడు మళ్ళీ ముంచుకుని నింపవచ్చు. నింపలేదు. కాబట్టి ఆ వంపు నిండు మనసుతో వంగిన వంపులా లేదు. సత్తువ అయిపోయాక వంగినట్టు ఉంది.

ఎర్ర గీత దగ్గరకు వచ్చాను. అది పూసిన గీత కాదు. బూడిద రంగు పచ్చిగా ఉన్నప్పుడు కత్తి మొనతో గీకితే అడుగు పొరలోని ఎరుపు బయటపడింది. వేలితో తాకితే గాడిలా తగులుతుంది. నేను చేయి అనుకున్నది నిజానికి తీసివేత.

ఆ తరువాత ఖాళీ. గీత కొసకూ గోధుమ మచ్చకూ మధ్య వేలెడు మేర బూడిద రంగు మిగతాచోట కంటే మందంగా ఉంది. ఏటవాలు వెలుగులో దాని అడుగున ఒక చిన్న గట్టు కనిపించింది. గోధుమ రంగు ఒకప్పుడు అక్కడి దాకా వచ్చి గీతను తాకి ఉండేది. తరువాత ఎవరో, అంటే చిత్రకారుడే, మధ్యలో బూడిద రంగు నింపి వాటిని విడదీశాడు.

వాత్సల్యం అన్న నా మాట అక్కడ నిలవలేదు. కలిసి ఉన్న రెంటిని తెలిసి తెలిసి వేరు చేసిన జాడ అది. ఇప్పుడు నేను దాన్ని ఎడబాటు అంటాను. ఎందుకంటే ఆ మాటకు ఆధారం కాన్వాస్ మీద వేలు పెట్టి చూపించగలను.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ ఎడబాటు చూడగానే నాకు తోచింది రైలు ప్లాట్‌ఫాం. మన జిల్లాల నుంచి హైదరాబాద్‌కూ చెన్నైకీ పనుల కోసం వెళ్ళేవారిని సాగనంపే దృశ్యం మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. కానీ ఆ రైలు చిత్రంలో లేదు, నాలో ఉంది. దాన్ని తుడిచేయనక్కరలేదు. చిత్రం ఇచ్చింది ఎంత, నేను తెచ్చింది ఎంత అని రెండు గళ్ళలో విడివిడిగా రాసుకుంటే చాలు. పుస్తకంలో పేజీకి మధ్యన గీత గీసి, ఎడమవైపు "కనబడింది", కుడివైపు "తోచింది" అని రాసుకుంటాను. ఎడమ గడి నిండకుండా కుడి గడికి వెళ్ళను.

ఎనిమిదో అడుగు: సరైన మాట వెతకండి

చాలామంది ఇక్కడ బద్ధకిస్తారు. విషాదం, ఆనందం, కోపం అని మూడు నాలుగు మాటలతో వందల చిత్రాలను సర్దేస్తారు. మన భాషలో ఆ పేదరికం లేదు. బెంగ వేరు, దిగులు వేరు, గుబులు వేరు. బెంగకు ఎవరో ఒకరు ఉండాలి, దూరంగా ఉన్నవారి కోసం పెట్టుకునేది బెంగ. దిగులుకు కారణం తెలియకపోవచ్చు. గుబులు జరగబోయే దాని గురించి. వెలితి అంటే లోటు తెలుస్తూనే ఉంటుంది, ఏడుపు రాదు. కలత అంటే నిలకడగా ఉన్నది కదిలింది.

ఇవి చిత్రంలో వేరువేరుగా కనబడతాయి. బెంగ ఉన్న చిత్రంలో ఆకృతి ఒక దిక్కుకు తిరిగి ఉంటుంది, ఆ దిక్కున ఎవరూ ఉండరు. దిగులు ఉన్న చిత్రంలో ఆకృతి తనలోకి తాను ముడుచుకుంటుంది. గుబులులో బరువు పైన ఉంటుంది, కింద ఆధారం చాలదు. వెలితిలో అన్నీ ఉండవలసిన చోటే ఉంటాయి, ఒక చోట మాత్రం కాన్వాస్ ఖాళీగా వదిలి ఉంటుంది. సంతోషం వైపు మాటలూ ఇలాగే విప్పండి. తెరిపి, ఊరట, ఉబలాటం, మురిపెం, బిడియం. తెరిపి అంటే వాన ఆగాక వచ్చే వెలుగు. దాన్ని ఆనందం అంటే సగం పోతుంది.

మాట దొరికాక దాన్ని ఒక వాక్యంలో పెట్టండి. వాక్యంలో "ఎందుకంటే" తప్పనిసరిగా ఉండాలి, దాని తరువాత కాన్వాస్ మీద ఉన్నదే రాయాలి. "ఇందులో గుబులు ఉంది, ఎందుకంటే పైన నల్లముద్ద వెడల్పుగా, కింద దాన్ని మోసే గీత సన్నగా, చివర చిట్లి ఉంది." ఇలా రాయలేకపోతే ఆ మాట ఇంకా కుదరలేదన్నమాట. ఇక్కడ ఒక పరీక్ష ఉంది. ఫోటోను తలకిందులు చేయండి. మీ మాట అలాగే నిలిచిందా, మారిందా? మారితే అది భంగిమలో ఉన్న భావం, నేలకూ ఆకాశానికీ సంబంధించినది. నిలిస్తే అది రంగులోనో, కుంచె వేగంలోనో ఉంది. అలాగే అరచేత్తో ఒక్కో భాగాన్ని మూసి చూడండి. ఏ భాగం మూస్తే చిత్రం చల్లబడిపోతుందో భావం గుండె అక్కడే. మా చిత్రంలో అది ఆ వేలెడు ఖాళీ.

తొమ్మిదో అడుగు: పేరూ, జీవితం చివర

చిత్రం కింద పేరు ఉంటే ఇప్పటిదాకా చదవకుండా ఆగండి. ముందే చదివితే కళ్ళు ఆ పేరుకే ఊడిగం చేస్తాయి. మీ వాక్యం రాసుకున్నాక చదవండి.

చిత్రకారుడి జీవితం తెలిస్తే చూపు లోతవుతుంది, ఆలస్యంగా తెలిస్తే మరీ. తయ్యబ్ మెహతా 1947 దేశ విభజన అల్లర్ల రోజుల్లో ముంబయిలో తన కిటికీ కింద వీధిలో ఒక మనిషిని గుంపు చంపడం చూశారు. ఆ దృశ్యం తనను జీవితమంతా వెంటాడిందని చెప్పుకున్నారు. ఇది తెలియకపోయినా ఆయన చిత్రాల్లో పడిపోతున్న మనిషి పడిపోతూనే ఉంటాడు. తెలిశాక, ఆ పతనంలో చుట్టూ గాలి కూడా అతన్ని పట్టుకోవడం లేదని గమనిస్తాం. రోత్కో కూడా 1930లలో భూగర్భ రైలు స్టేషన్లలో స్తంభాల పక్కన సన్నగా, పొడవుగా నిలబడిన మనుషులను గీశాడు. తరువాత మనుషులు పోయి నిలువెత్తు రంగుల పలకలు మిగిలాయి. ఆ పలకల ముందు నిలబడినప్పుడు ఎదురుగా ఎవరో ఉన్నట్టు అనిపించడానికి ఆ పాత చిత్రాలు కొంత కారణం చెబుతాయి.

నా వాక్యం రాసుకున్నాకే మిత్రుణ్ణి ఒక్క ప్రశ్న అడిగాను, ఆ ఖాళీ గురించి. అవి వారం రోజుల పాటు తాకే ఉన్నాయని, అలా చూస్తూ ఉండలేక మధ్యలో బూడిద రంగు పెట్టానని చెప్పాడు. వాళ్ళెవరో చెప్పలేదు. నేను అడగలేదు.

ఒక వారం సాధన

నైరూప్య చిత్రాల ప్రదర్శనలు మన ఊళ్ళకు అంత తరచుగా రావు. అందుకని ఆగనక్కరలేదు. ఒక ఉదయం శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం గుడికి వెళ్ళి ప్రదక్షిణ మండపంలో గోడల మీది పాత వర్ణచిత్రాలు చూడండి. రంగు వెలిసిపోయి ముఖాలు చెదిరిపోయిన చోట్లనే ఎక్కువసేపు ఆగండి. ముఖం పోయాక కూడా ఏ మూర్తి నమస్కరిస్తోందో, ఏది అభయం ఇస్తోందో తెలుస్తుందా చూడండి. మరో సాయంత్రం తప్పెటగుళ్ళు అనే జానపద నృత్యం ఆడుతున్న చోట దూరంగా నిలబడి, కళ్ళు సగం మూసి, ఒక్క మనిషి నడుము మీద మాత్రమే చూపు పెట్టండి.

మిగిలిన రోజుల్లో చిన్న పుస్తకం, మెత్తని పెన్సిల్ పట్టుకుని బస్టాండులో కూర్చోండి. ఎవరినైనా ఎంచుకుని మూడే గీతల్లో గీయండి. ఒకటి వెన్నుకు, ఒకటి భుజాలకు, ఒకటి బరువు ఆనిన కాలికి. తల గీయకండి. ఎదురుచూస్తున్నవారు, బస్సు తప్పినవారు, ఎవరినో ఎక్కించి ఇంకా అక్కడే నిలబడినవారు. రాత్రి ఒక్కో బొమ్మ వెనుక ఒక్కో మాట రాయండి. మర్నాడు ఆ మాటను చూపించకుండా బొమ్మను ఇంట్లో ఎవరి చేతికైనా ఇచ్చి, ఈ మనిషికి ఏమైందని అడగండి. వారు చెప్పిన మాటను మీ మాట పక్కనే రాసి, రెండూ కలవని చోట మళ్ళీ ఆ మూడు గీతల దగ్గరకే వెళ్ళి చూడండి.